అందరి వేళ్లకూ పచ్చ లైటు

సిరిసిల్ల బజార్లలోకి నీళ్లొచ్చి జనం మిద్దెలెక్కి కూచున్న ఏడాది అది. సంవత్సరాల నంబర్లు నాకు గుర్తుండవు. ఫలానా వాన, ఫలానా కరువు అనే గుర్తు పెట్టుకుంటాను.

నా పేరు సాయిలు. మా ఊరు బుగ్గారం అవతల. మూడో తరగతి పూర్తి కాకముందే మా బాపు నా నడుముకు మోకు కట్టి తాడిచెట్టు ఎక్కించాడు. చెట్టు మీద మాట్లాడటానికి ఎవరూ ఉండరు. ఆ అలవాటే కిందికి దిగినా ఉండిపోయింది. మా ఇంట్లో మాటలన్నీ నా భార్య సమ్మవ్వవే.

ఆ ఏడు ఆమె మాట కూడా తగ్గింది. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని నాలుగు బీడీలు చుట్టేసరికి ఆయాసం. రాత్రి గోడకు ఆనుకుని కూచునే నిద్రపోయేది. జగిత్యాల డాక్టరు గుండెలో కవాటం పాడైందన్నాడు. మార్చాలి, హైదరాబాద్ పంపాలి, ఆరోగ్యశ్రీ కార్డు ఉందా అన్నాడు. ఉందన్నాను. ఉంటే భయం లేదు, ఆలస్యం చేస్తే మాత్రం ఉంది అన్నాడు.

ఆ కార్డు మీద మా ఇంటి అందరి ఫోటో ఉంటుంది. సమ్మవ్వ బొద్దుగా ఉంటుంది. కొడుకు శ్రీశైలం బడి అంగీలో, బిడ్డ భాగ్య రెండు జడలతో. నేను ఎవరినో అనుమానంగా చూస్తున్నట్టు ఉంటాను. ఫోటో తీసినవాడినే చూస్తున్నాను అప్పుడు.

భాగ్యను సిరిసిల్ల ఇచ్చాం. అల్లుడు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేస్తాడు. శ్రీశైలం దుబాయి పోయాడు. కరోనా వచ్చి కంపెనీ మూసేసి, రావాల్సిన జీతం ఇవ్వకుండానే వాళ్లను విమానమెక్కించారు. వచ్చినప్పటినుంచి వాడు అరుగు మీద కూచుని ఫోను చూసుకోవడం, లేచి బజారుదాకా పోయి రావడం. కోడలు నీల వాడిని ఏమీ అనేది కాదు. చెట్టెక్కమని నేనూ అనలేదు.

బాలకిషన్ మా మండువకు వచ్చింది ఆ రోజుల్లోనే. మండువ అంటే ఊరి బయట మేం కల్లు పోసే జాగా. నాలుగు గుంజల మీద తాటాకు కప్పు. బాలకిషన్‌ది కోరుట్ల. దుబాయి, మస్కట్ వీసాలు తెచ్చేవాడు. మా శ్రీశైలాన్ని పంపించింది కూడా ఆయనే. తెల్ల అంగీ, మోటర్ సైకిల్, చంకలో నల్ల బ్యాగు.

“ఏం సాయిలు కాకా, మొగులు చూసి భయపడ్డవా? ఇయ్యాల చెట్టెక్కలేదా?”

“ఎక్కిన.”

“ఇగో, గంతే. కాక నోట్లెకెళ్లి రెండో మాట రావాల్నంటే తాడిచెట్టు కూలాలె.”

అందరూ నవ్వారు. తాటాకు రేకలోంచి కల్లు తాగుతున్న మొగిలవ్వ మూతి తుడుచుకుంది. ఊరికంతటికీ నోరున్న మనిషి ఆమె.

“నీ ఈసాలు బందైనయని ఇగ మా మీద వడ్డవా బాలకిషనూ?”

“అవ్వా, నీ నోరు మంచిగ లేదు గని గుండె మంచిగున్నదా? గుండె కోసమే అచ్చిన. చట్టం మారింది. మన సర్కారు కార్డు, ఢిల్లీ సర్కారు కార్డు రెండు ఒక్కటైతున్నయి. పేపర్ల అచ్చింది, టీవీల అచ్చింది. పాత కార్డు దసరాదాకనే. గా తర్వాత అది చిత్తు కాయితం. కొత్త బీమా కార్డు కావాల్నంటే ఏలిముద్ర పెట్టాలె, పాత కార్డు వాపసియ్యాలె, కట్టుడు కొంచెం ఉంటది.”

రెండు కార్డులు కలుస్తున్నాయన్న మాట నేనూ విన్నాను. టీవీలో చెప్పారు. అందుకే ఎవరికీ అబద్ధమనిపించలేదు.

బ్యాగులోంచి ఒక నల్ల డబ్బా తీశాడు. అరచేతిలో పట్టేటంత ఉంది. పైన అద్దం, పక్కన తీగ. ఆ తీగ తన ఫోనుకు తగిలించాడు. మొగిలవ్వ ముందుకొచ్చి బొటనవేలు ఆనించింది. టింగుమని పచ్చ లైటు వెలిగింది.

“ఓసి నీ పాడుగాను! ఒక్కసారికే పట్టింది! ఆ రేషన్ దుకాణం మిషనేమో నేను పుట్టనే లేదంటది.”

మా ఊరి సంగతి తెలిసినవాళ్లకే ఈ మాట అర్థమవుతుంది. మా ఆడవాళ్లు చిన్నప్పటినుంచీ తునికాకు రుద్దీ రుద్దీ, బీడీలు చుట్టీ చుట్టీ వేళ్ల చివర గీతలు లేకుండా చేసుకున్నారు. రేషన్ దుకాణంలో వేలు పెడితే ఎర్ర లైటు. తుడుచుకుని పెడితే ఎర్ర లైటు. కొబ్బరినూనె రాసుకుని పెడితే ఎర్ర లైటు. వెనకున్నవాళ్లు గొణుగుతారు, డీలరు కసురుకుంటాడు, చివరికి కన్ను చూసే మిషన్ తెస్తాడు. నా వేళ్లయితే మోకు రాపిడికి, కత్తి పట్టుకు చింతగింజల్లా నున్నగా అయ్యాయి. నా పింఛనుకు పంచాయతీ సెక్రటరీ తన వేలు పెట్టి ఇప్పిస్తాడు.

అట్లాంటి ఊళ్లో ఒక మిషన్ అందరి వేళ్లనూ ఒక్కసారికే ఒప్పుకుంటే ఏమవుతుంది? ఆడవాళ్లంతా లైను కట్టారు. సత్యవ్వ పెట్టి, మళ్లీ ఒకసారి పెట్టి చూసుకుని మురిసిపోయింది. సమ్మవ్వ కూడా ఆయాసపడుతూనే వచ్చి పెట్టింది. పచ్చ లైటు.

“మంచి మిషన్. మనిషిని గుర్తుపట్టేది గిట్లుండాలె,” అంది.

ఖరీదైన మిషన్ కాబోలు అని నేనూ అనుకున్నాను. నా అనుమానం మిషన్ మీద కాదు, బాలకిషన్ మీద. తనకు లాభం లేందే ఆయన కోరుట్ల దాటడు.

“కాకా, నీ ఏలు?”

“చెట్టుకు పోవాలె.”

“పాత కార్డన్న ఇయ్యరాదూ?”

“ఇంట్లున్నది.”

ఇంటికొచ్చి ఆ కార్డును ముస్తాదులో పెట్టాను. మోకు, కత్తులు, కత్తులుంచే తోలు పొది, అన్నీ కలిపి ముస్తాదు అంటాం. అది దూలానికి వేలాడుతుంది. గీసేవాడు తప్ప దాన్ని ఇంకొకరు ముట్టకూడదని మా ఇంటి పద్ధతి. మా బాపు ముస్తాదును ఆయన బతికుండగా నేను ముట్టలేదు. పొదిలో కత్తి వెనక కార్డు దాచాను.

బాలకిషన్ మా ఊరి పని శ్రీశైలానికి అప్పజెప్పాడు. మిషన్ వాడి చేతికిచ్చాడు. కార్డులు, కట్టుడు పైసలు జమ చేసి పంపాలి. మా శ్రీశైలం అడిగితే ఊళ్లో ఎవరు కాదంటారు? వాడికి ఒక పని దొరికిందని నీల ముఖం తేటపడింది. వాడు స్నానం చేసి, అంగీ ఇస్త్రీ చేసుకుని గడప గడపకూ తిరిగాడు. నేను చూస్తూ ఉన్నాను.

మందుల కోసం సమ్మవ్వను తీసుకుని జగిత్యాల పోయాను. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కార్డుల వాళ్లకు వేరే కౌంటరుంది. అద్దం వెనక ఒక పడుచు పిల్ల, ముఖానికి మాస్కు.

“కూసోండి తాతా,” అంది.

నన్ను ‘మీరు’ అని పిలిచేవాళ్లు తక్కువ. నేను కూచోలేదు. సమ్మవ్వ కూచుని, “ఎవల పిల్లవు బిడ్డా?” అంది.

“మీ ఊరే అవ్వా. శశిధర్ రావు గారి మనుమరాలిని. మౌనిక.”

మా ఊరి దొరల ఇంటి పిల్ల. మా బాపు పొద్దున్నే ఆ గడికి ఒక లొట్టి కల్లు మోసి, వాకిట్లో దించి, పైసలు అడగకుండా తిరిగొచ్చేవాడు. ఇంకో ఇంటిపిల్ల అయినా బాగుండు అనుకున్నాను.

సమ్మవ్వ మాట్లాడుతూనే ఉంది. “చట్టం మారిందట గదా బిడ్డా. పాత కార్డు చెల్లదట.”

“రెండు పథకాలు కలుపుతున్నరు అవ్వా. నిజమే. గని పాత కార్డు ఎవ్వలకియ్యమని ఎవ్వలు చెప్పలే. ఊర్లకొచ్చి తీసుకపోయేటోళ్లు సర్కారోళ్లు కాదు. ఎవరన్న అచ్చిండ్రా?”

సమ్మవ్వ నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

“అట్లాంటోళ్లకు కార్డిస్తే ఏమైతదో చెప్తా ఇనుండ్రి. మీరు ఇంట్లనే ఉంటరు. ఎక్కడనో ఒక దవాఖానల మీరు మంచంల పన్నట్టు, ఆపరేషన్ అయినట్టు రాసుకుంటరు. ఏడాదికి మీ ఇంటికింత అని లెక్క ఉంటది. అదంతా వాళ్లే వాడేస్తరు. తర్వాత మీరు నిజంగ గుండె పట్టుకొని అస్తే ఇగ ఏం మిగలదు. పక్క జిల్లాల గిట్లనే అయింది. కార్డు తెచ్చిండ్రా తాతా? ఇప్పుడే రాసి హైదరాబాద్ పంపుత.”

ఆ రోజు పొద్దున్నే పొదిలోంచి తీసి అంగీ జేబులో పెట్టుకున్నాను. గుండె మీదే ఉంది.

“మర్చిపోయిన,” అన్నాను.

ఆ పిల్ల డాక్టరు రాసిన చీటీ మళ్లీ చదివింది. “తొందరగ రాండి. ఇది ఆగేది కాదు,” అంది. ఆమె పక్కన కూడా ఒక వేలిముద్ర మిషన్ ఉంది. అది చూసి ఇంకా అనుమానమొచ్చింది. వీళ్లందరూ ఒకటేనేమో. ఒకడు ఊళ్లోకి వచ్చి అడుగుతాడు, ఇంకొకరు అద్దం వెనక కూచుని అడుగుతారు. ఇద్దరికీ కావాల్సింది నా కార్డే.

బస్సెక్కాం. ధర్మపురి రోడ్డు మలుపు దాటాక సమ్మవ్వ అంది.

“జేబుల పెట్టుకొని లేదంటివి.”

“దొరల పిల్ల.”

“దొరల పిల్లయితే? అది ఎవల పిల్లో నా గుండెకేమెరుక?”

నేను కిటికీలోంచి చూశాను.

“బాలకిషన్‌ను నమ్మవు. ఆ పిల్లను నమ్మవు. కన్న కొడుకును నమ్మవు. నేను పోయినంక ఆ కార్డును నా పక్కన పెట్టి బొందపెట్టు. ఎవలు తీస్కపోరు.”

తర్వాత ఇల్లు చేరేదాకా ఆయాసం ఆమెను మాట్లాడనివ్వలేదు. ఇంటికి రాగానే కార్డును మళ్లీ పొదిలో దాచాను.

శ్రీశైలానికి ఈ సంగతి ఆమే చెప్పింది. వాడు ఎగిరి పడలేదు. “బాపు, నువ్వే అచ్చి చూడు. కోరుట్లల ఆఫీసున్నది. కుర్చీలున్నయి, కంప్యూటరున్నది,” అన్నాడు. మరుసటి రోజు వాడి బండి మీద పోయాం.

కోరుట్ల బస్టాండు వెనక, మెట్లెక్కితే ఒక గది. గోడ మీద పాత విమానం బొమ్మ అట్లాగే ఉంది. దాని కింద కొత్తగా ఎర్ర గుండె బొమ్మ అంటించారు. బాలకిషన్ లేచి నిలబడి కుర్చీ తుడిచాడు. చాయ్ తెప్పించాడు. ఎవరికో ఫోను కలిపి, “ఆఫీసర్ సారు” అని నా చెవికి పెట్టాడు. అవతలాయన పుస్తకం చదివినట్టు మాట్లాడాడు. నేను ఊ అన్నాను.

గది మూల బల్ల మీద పాత కార్డులున్నాయి. ఊరి ఊరికీ వేరే కట్ట. ఒక్కో కట్టకు రబ్బరు బ్యాండు, దాని కింద ఊరి పేరు రాసిన చీటీ. బోయినపల్లి, వేములవాడ, ఇంకా ఎన్నో.

“అవేం చేస్తరు?” అన్నాను.

“పాతయి కదా కాకా. అన్ని కుప్పేసి కాలబెడ్తరు.”

చాయ్ తాగుతూ ఆ కట్టలవైపే చూశాను. కాలబెట్టే తాటాకును మేం మడత పెట్టం. ఎట్ల ఉన్నది అట్ల పొయ్యిలో తోస్తాం. వీళ్లు కాలబెట్టేవాటిని ఇంత ముద్దుగా ఎందుకు సర్దుతున్నారు?

బాలకిషన్ నా చూపు పట్టుకున్నాడు. సొరుగు లాగి ఒక పాస్‌పోర్టు తీసి చూపించాడు. మా శ్రీశైలానిది.

“మీవోని పాస్‌పోర్టు నా దగ్గర భద్రంగున్నది కాకా. మస్కట్ కంపెనీతోటి మాట్లాడిన. మీ ఊరి కార్డులు మొత్తం రానియ్యి. దసరా ఎల్లంగనే ఇమానం. నా చేతి ఖర్చుతోటే.”

శ్రీశైలం నావైపు చూశాడు. చిన్నప్పుడు జాతరలో బొమ్మ కొనివ్వమని నోరు తెరిచి అడగకుండా చూసేవాడు, అట్లా.

బండి మీద తిరిగి వస్తుంటే గాలిలో వాడి మాటలు సగమే వినిపించాయి. “అందరియి అచ్చినయి బాపు. ఒక్క మనదే బాకి. మనోళ్లే ఇయ్యకపోతే ఊరోళ్లు నన్నేమనుకుంటరు?”

నేను వాడి భుజం పట్టుకుని కూచున్నాను. వాడు ఈ మోసంలో ఉన్నాడా, మోసపోతున్నాడా? నాకు తెలియలేదు. కన్నకొడుకు వీపు చూస్తూ ఆ మాట అనుకోవడం బాగుండదు. అయినా అనుకున్నాను.

ఆ తర్వాత నేను మండువకు పోయి వచ్చేసరికి ఇంట్లో సామాన్లు అటుదిటు జరిగి ఉండేవి. పెట్టెలో బట్టలు, బియ్యం కుండ, దేవుడి పటాల వెనక. నీల నా ముఖం చూడకుండా చాట చెరిగేది. ఒక రోజు ఉండబట్టలేక అంది.

“మామా, ఆయన దొంగ కాదు.”

“నేనన్లే.”

“అనకపోతేంది, కండ్లతోటి అంటలేవా?”

వాడు అంతా వెతికాడు. వాడి నెత్తిమీదే వేలాడుతున్న ముస్తాదును మాత్రం ముట్టలేదు.

తర్వాత ఆ వాన పట్టుకుంది. ఆకాశానికి చిల్లి పడ్డట్టు ఒకటే వాన. చెట్లు జారుతున్నాయి, నేను ఎక్కలేదు. పొద్దున్నే భాగ్య ఫోను చేసింది. ఏడుపు, వెనక నీళ్ల చప్పుడు.

“బాపూ, ఇల్లు మునిగింది. సాంచాలు మునిగినయి. మేం పక్కోళ్ల మిద్దె మీదున్నం. పిల్లలకు తినతందుకు ఏం లేదు.”

శ్రీశైలం క్షణం ఆగలేదు. నీల కట్టిచ్చిన సద్ది, అటుకులు, చద్దర్లు సంచిలో వేసుకున్నాడు. బయల్దేరేముందు కార్డుల సంచి, మిషన్ తెచ్చి నా ముందు పెట్టాడు.

“రేపు పొద్దుగాల బాలకిషనన్న అస్తడు బాపు. నేను రాకపోతే గీ సంచి ఇయ్యిండ్రి. ఇగ మన కార్డు... నీ ఇష్టం.”

వానలోకి పోయాడు. చెల్లెలి కోసం అట్లా పరిగెత్తేవాడు నిజంగా ఊరిని ముంచుతాడా అనుకున్నాను. అయినా అనుమానం పోలేదు.

మధ్యాహ్నం నీల నీళ్లకు పోయింది. నేనూ సమ్మవ్వా ఉన్నాం. మిషన్ నా ముందుంది. తీగ ఒట్టిగా వేలాడుతోంది, ఫోను శ్రీశైలంతో పోయింది. అడుగున మీట ఉంటే నొక్కాను. అద్దంలో చిన్న వెలుగొచ్చింది.

నా వేలునూ పడుతుందా అని చూడాలనిపించింది. అంతే. ఎన్నేళ్లనుంచో ఏ మిషనూ నన్ను మనిషని ఒప్పుకోలేదు.

బొటనవేలు ఆనించాను. టింగుమంది. పచ్చ లైటు.

సంతోషమనిపించింది. సమ్మవ్వ గోడకు ఆనుకుని చూస్తోంది. “చూసినవా, నిన్ను గుడ గుర్తుపట్టింది,” అంది.

వేలు వెనక్కి తీసి వెలుతురుకు పెట్టి చూసుకున్నాను. చర్మం మెరుస్తోంది. ఒక్క గీత లేదు. నా పింఛను ఇంకొకరి వేలు మీద వస్తుంది. మరి ఇది దేన్ని చూసి నేనే సాయిలునంది?

కాలు చాపి కాలి బొటనవేలు పెట్టాను. పచ్చ లైటు.

పక్కనున్న లొట్టి తీసి దాని అడుగు ఆనించాను. పచ్చ లైటు.

సమ్మవ్వ ముందుకు జరిగింది. చాటలోంచి ఒక తునికాకు తీసి అద్దం మీద పెట్టి వేలితో తట్టింది. టింగుమంది.

“ఓరి నీ! తునికాకుకు గుడ గుండె ఆపరేషన్ చేపిస్తరట!” అని నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమయింది. గుంజ పట్టుకుని వంగిపోయింది. నేను వీపు నిమిరాను. చాలాసేపటికి ఊపిరి కుదురుకుంది. మిషన్ మీద ఇంకా ఆ ఆకు ఉంది, లైటు ఇంకా పచ్చగానే ఉంది.

“మరి ఏలు అక్కర లేకపోతే వాళ్లకేం కావాలె?” అంది.

నేను సంచివైపు చూశాను. ఆమె కూడా చూసింది.

శ్రీశైలం పొద్దుగూకుతుంటే వచ్చాడు. మోకాళ్లదాకా బురద. భాగ్యవాళ్లను ఒక బడిలోకి చేర్చారట, పిల్లలు బాగున్నారట, అల్లుడు మునిగిన సాంచాల దగ్గరినుంచి కదలడం లేదట. అన్నీ చెప్పి తువ్వాలు అడిగాడు. తువ్వాలిచ్చి, మిషన్ వాడి ముందు నేలమీద పెట్టాను.

“కాలు పెట్టు.”

“ఏంది బాపు?”

“పెట్టు.”

బురద కాలి బొటనవేలు అద్దానికి ఆనించాడు. టింగుమంది. పచ్చ లైటు వాడి బురద వేలి మీద పడింది.

వాడు మళ్లీ పెట్టాడు. ఈసారి మడమ. తర్వాత తడి తువ్వాలు కొస. ప్రతిసారీ అదే చప్పుడు. అప్పుడు వాడి ముఖం చూశాను. తెలిసి చేసినవాడి ముఖం అట్లా ఉండదు. వాడు మిషన్ పక్కన కూలబడ్డాడు.

“బాలకిషనన్నకు గుడ తెల్వదేమో,” అన్నాడు.

సమ్మవ్వ కార్డుల సంచిని వాడివైపు జరిపింది. గడపలో నీల నిలబడి ఉంది.

“నా పాస్‌పోర్టు ఆయన దగ్గర్నే ఉంది బాపు.”

“ఊరోళ్ల కార్డులన్ని మన సంచిల ఉన్నయి కొడుకా,” అంది సమ్మవ్వ. మెల్లగా అంది.

వాడు తల వంచుకున్నాడు. చూరు నీళ్లు కారుతున్నాయి. దుబాయి క్యాంపులో ఒక్కడే ఎట్లా కూచునేవాడో నాకు అప్పుడు తెలిసినట్టయింది.

“పొదిల ఉన్నది. తీయి,” అన్నాను.

వాడికి మొదట అర్థం కాలేదు. నేను దూలంవైపు చూపించాను. లేచి నిలబడ్డాడు. చేయి ఎత్తి, ముస్తాదును ముట్టబోయి ఆగి నావైపు చూశాడు. నేను తలాడించాను. తోలు పొదిలో చేయి పెట్టి, కత్తి తగలకుండా కార్డు బయటికి తీశాడు.

“ఇంతసేపు ఈన్నే ఉన్నదా?” అన్నాడు.

“ఈన్నే ఉన్నది,” అంది నీల. “మీ బాపు నోట్లె మాట తీర్గనే.”

మరుసటి పొద్దున వాన తెరిపిచ్చింది. నేను చెట్టెక్కలేదు. సంచి శ్రీశైలం పట్టుకున్నాడు, మిషన్ నేను పట్టుకున్నాను. మండువలో ఒక పీట వేసి దాని మీద మిషన్ పెట్టాను. వాన వెలిసింది కదా అని మొగిలవ్వ అందరికంటే ముందు వచ్చింది.

“ఇయ్యాల కల్లు లేదా?”

“కాలు పెట్టు,” అన్నాను.

“నా కాలుకు గుడ బీమానా?” అని నవ్వుతూ చెప్పు విడిచి పెట్టింది. టింగుమంది. నవ్వు ఆగిపోయింది. మిషన్‌ను చూసింది, తన బొటనవేలిని చూసింది, శ్రీశైలాన్ని చూసింది. వాడు సంచిలోంచి ఆమె కార్డు తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

ఇక నేనేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. సత్యవ్వ కాలు పెట్టింది. ఒకాయన మోచేయి పెట్టాడు. ఎవరో చుట్ట మొదలు ఆనించారు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, కార్డులు ఒక్కొక్కటీ చేతుల్లోకి పోతూనే ఉన్నాయి. తిట్లు కూడా పడ్డాయి. ఇస్త్రీ అంగీ వేసుకొని ఊరిని ముంచబోయినవు కదరా అన్నారు. కట్టిన పైసలేవిరా అన్నారు. శ్రీశైలం తల ఎత్తే నిలబడ్డాడు.

“ముందుగాల అవ్వను దవాఖానకు తోల్కపోవాలె. మాపటికి ఠాణకు పోత. నాతోని అచ్చేటోళ్లు రాండ్రి. సాక్ష్యం నేనే చెప్త.”

అప్పుడే రోడ్డు మలుపులో మోటర్ సైకిల్ ఆగింది. తెల్ల అంగీ. పీట చుట్టూ ఒంటికాలి మీద నిలబడ్డ జనాన్ని చూసి బాలకిషన్ కాలు కింద పెట్టాడు, ఇంజను మాత్రం ఆపలేదు.

“రా బాలకిషనూ! చెప్పు ఇడిచి రా! నీ కాలు గుడ చూద్దాం!” అని మొగిలవ్వ కేకేసింది.

బండి అక్కడికక్కడే తిరిగింది. దాంతోపాటు మా వాడి పాస్‌పోర్టూ పోయింది. వాడు ఆ రోడ్డువైపు కొంచెంసేపు చూసి, సంచిలో చేయి పెట్టి తర్వాతి కార్డు తీశాడు.

కార్డులు అయిపోగానే ఇంటికి పోయి సమ్మవ్వను లేపి, శ్రీశైలంతో కలిసి ముగ్గురం జగిత్యాల బస్సెక్కాం. అద్దం వెనక ఆ పిల్లే ఉంది. మౌనిక. నన్ను చూసి “కూసోండి తాతా,” అంది. నేను కూచోలేదు. కార్డు జేబులోనే ఉంది, దాని మీద నా చేయి ఉంది.

“ముందుగాల అవ్వ ఏలు పెట్టుండ్రి,” అని తన పక్కనున్న మిషన్ ఇటు జరిపింది.

సమ్మవ్వ వేలు పెట్టింది. ఎర్ర లైటు.

చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎర్ర లైటు. ఇంకో వేలు. ఎర్ర లైటు. సమ్మవ్వ నావైపు చూసింది. ఆమె కళ్లలో నవ్వుంది.

“ఏం కాదు అవ్వా. బీడీలు చేస్తరు గదా, అందరియి గిట్లనే అస్తయి. కన్నుతోటి చూద్దాం. కార్డున్నదా తాతా?”

నేను కుర్చీ లాక్కుని కూచున్నాను. కార్డు తీసి అద్దం కింది సందులోంచి లోపలికి తోశాను.